పెనుగొలను కౌలు: నోటిమాటకూ చట్టానికీ నడుమ

‘పెను’ పక్కన ‘కొలను’ చేరి, కకారం గకారమై పెనుగొలను అయింది. పెద్ద చెరువును పేరులోనే నిలుపుకున్న ఈ ఊరు పాత కృష్ణా జిల్లాలోని తిరువూరు ప్రాంతానిది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలో ఉంది. ఇటువంటి పల్లెల్లో ఇంటి అద్దెకన్నా కౌలుకే, అంటే ఒకరి పొలాన్ని మరొకరు నిర్ణీత ప్రతిఫలానికి సాగుచేసుకునే ఒప్పందానికే, బరువెక్కువ.

ఆ ప్రతిఫలానికి హద్దు గీయడానికి 1956లో ఆంధ్ర కౌలుదారీ చట్టం వచ్చింది. 1974 సవరణ గరిష్ఠ కౌలును నీటివసతి ఉన్న భూమికి స్థూల దిగుబడిలో 30 శాతానికి, మెట్టకు 25 శాతానికి దించి, కౌలు గడువు ఆరేళ్లకు తగ్గరాదని కూడా నిర్దేశించింది. ఈ ఆరేళ్ల నిబంధనే అసలు చిక్కు తెచ్చిందనాలి. కాగితం రాసిస్తే పొలం చేజారుతుందని భూయజమాని వెరవగా, ఏటేటా పెద్దమనిషి సాక్షిగా నోటిమాటతో కౌలు కుదుర్చుకోవడమే రివాజుగా మిగిలింది. మిరప వంటి వాణిజ్య పంటకు నాట్లకు ముందే రొక్కంగా కౌలు చెల్లించే చోట, దిగుబడిలో శాతం లెక్కకు అర్థమే ఉండదు. పంట పోయినా ఇచ్చిన సొమ్ము తిరిగి రాదు.

పట్టణంలో కథ వేరు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం పురపాలక సంఘాలను ఉద్దేశించినది కనుక పల్లెల జోలికి రాలేదు. 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ పేటలో నడిచిన అద్దెలను ప్రాతిపదికగా తీసుకొని రెంట్ కంట్రోలర్ ‘సముచిత అద్దె’ను ఖరారు చేసేవాడు, అలా ఖరారైన ఇంటికి పగిడి, అంటే అద్దెకు అదనంగా ముందే గుంజే సొమ్ము, పుచ్చుకోరాదని, అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించరాదని చట్టం పేర్కొంది. అయితే ఇల్లు చూపించి కమీషన్ పుచ్చుకునే బ్రోకరును అది లెక్కలోకి తీసుకోలేదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం ఏజెంట్ల నమోదును తప్పనిసరి చేసినా, అది అమ్మకాలు కుదిర్చేవారికే గాని అద్దెలు కుదిర్చేవారికి కాదు.

పల్లెలో పెద్దమనిషి సైతం ఏ రిజిస్టరుకూ ఎక్కడు, కాకపోతే అతను ఊళ్లోనే ఉంటాడు, అడగడానికి దొరుకుతాడు. ఇలా నోటిమాటతో నడిచే కౌలుకు గుర్తింపు విషయానికొస్తే, 2011 నాటి భూఅధీకృత సాగుదారుల చట్టం యజమాని సంతకం లేకుండానే కౌలురైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వజూపగా, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందపత్రాన్నీ, దానిపై యజమాని సంతకాన్నీ తప్పనిసరి చేసింది. బ్యాంకు రుణానికైనా, పంటనష్ట పరిహారానికైనా కౌలురైతు మొదట ఆ సంతకం కోసమే యజమాని గడప ఎక్కాలి.