మలయ్ మతభాషలో సంస్కృతం, అరబ్బీ

రంజాన్ నెలలో మలయ్ ముస్లిం పాటించేది 'పువాసా'. అది మన ఉపవాసమే. పాపానికి వాళ్ల మాట 'దోసా', పుణ్యానికి 'పహాలా', అంటే ఫలం. స్వర్గనరకాలు 'షుర్గా', 'నెరాకా'. తెలుగువాళ్లకు వీటికి నిఘంటువు అక్కర్లేదు. ఇస్లాం రాకకు చాలా ముందే, 7వ శతాబ్ది శ్రీవిజయ శాసనాల నాటికే, ఆ భాషలో సంస్కృతం పాతుకుపోయింది.

13వ శతాబ్ది చివర ఉత్తర సుమత్రాలోని పసాయ్‌లో సుల్తానుల పాలన మొదలైంది. మతం మారినంత తొందరగా మాటలు మారలేదు. మలయా తూర్పు తీరంలో దొరికిన తెరెంగాను శిలాశాసనమే ఇందుకు సాక్ష్యం. అది 1303 నాటిదని ఎక్కువమంది పండితుల లెక్క. లిపి అరబ్బీ నుంచి పుట్టిన జావీ, విషయం ఇస్లాం ధర్మశాస్త్రం. ప్రవక్తను 'రసూలుల్లా' అన్న ఆ రాయే అల్లాను 'దేవత ములియా రాయా' అంది. మతాన్ని 'ఆగమ' అంది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన ఆధారం ఇదే. పేరున్నవాటికి పాత పేరే ఉంచుకున్నారు. నబీ, రసూల్, జకాత్, హజ్ వంటి కొత్తవాటికి అరబ్బీ మాటలు తెచ్చుకున్నారు.

అరబ్బీ ధార జోరందుకున్నది 16, 17 శతాబ్దాల్లో, ఆచే రాజ్యం చుట్టూ. హమ్జా ఫన్సూరీ సూఫీ తత్వాన్ని మలయ్ పద్యాల్లోకి తెచ్చాడు. సూరత్ దగ్గరి రాందేర్‌కు చెందిన నూరుద్దీన్ రానీరీ 1637లో ఆచే చేరి మతగ్రంథాలు రాశాడు. సింకిల్ వాసి అబ్దుర్రవూఫ్ ఖురాన్‌కు మలయ్‌లో సంపూర్ణ వ్యాఖ్యానం అందించాడు. 'రహ్మత్', 'ఇబాదత్' లాంటి మాటల చివరి 'త్' చూసి, ఇవి పర్షియన్ మీదుగా వచ్చాయని కొందరు భాషావేత్తలు వాదిస్తారు. హైదరాబాద్ ఉర్దూలో వినిపించే రహ్మత్‌కూ అదే 'త్'.

డచ్చివాళ్ల హయాంలో, 1629లో అచ్చయిన మలయ్ మత్తయి సువార్త కూడా దేవుణ్ణి 'అల్లా' అనే పిలిచింది. ఇండోనేషియా క్రైస్తవులు నేటికీ అలాగే అంటారు. మలేషియాలో మాత్రం ఇది కోర్టుకెక్కింది. ఒక కేథలిక్ పత్రిక ఆ పేరు వాడరాదని 2013లో అప్పీలు కోర్టు చెప్పింది. మరో కేసులో, 2021లో, హైకోర్టు ఒక క్రైస్తవ మహిళకు ఆ హక్కు ఉందంది. నాలుగు శతాబ్దాలుగా ఇరువురూ పలికిన పేరును ఒకరి సొత్తు అనడం చరిత్రకు అన్యాయం.

పాత మాటలు తగ్గుతున్న మాటా నిజమే. నమాజుకు 'సెంబాహ్యాంగ్' అన్న దేశీయ పదం ఉన్నా, మలేషియాలో కొన్ని దశాబ్దాలుగా అరబ్బీ 'సొలాత్' దాని చోటు ఆక్రమిస్తోంది. 'ఆగమ' మాత్రం చెక్కుచెదరలేదు. 1946లో ఇండోనేషియా స్థాపించుకున్న మత వ్యవహారాల మంత్రిత్వ శాఖ పేరులో ఇవాళ్టికీ ఉన్నది ఆ మాటే.