ముసర: మరుగైన మాట, మరువరాని చరిత్ర

మన పూర్వీకులు 1860 నుండి 1911 వరకు ఓడలెక్కి నేటాలు చెరకు తోటలకు వచ్చిన సంగతి మనకందరికీ తెలిసినదే. వారి మాటలు ఒక్కొక్కటే మన ఇళ్ళలో మరుగున పడుతున్నాయని విచారిస్తూ ఉంటాము. 'ముసర' అటువంటి మాటే. తెలుగు రైతును గడగడలాడించిన పశురోగం పేరది. ఇంగ్లీషువారు దానినే రిండర్‌పెస్ట్ అన్నారు.

సముద్రం దాటి వచ్చిన మనవారికి ఇక్కడా అదే రోగం ఎదురైంది. 1896లో అది జాంబెజీ నది దాటి దక్షిణాదికి దిగింది. 1897లో నేటాలులో ప్రవేశించింది. నదికి దక్షిణాన సుమారు 25 లక్షల పశువులు చనిపోయాయని అంచనా. ఎద్దుబండ్లు నిలిచిపోయాయి. పశువులే సర్వస్వమైన ఆఫ్రికా కుటుంబాలు దున్నే ఎద్దు, పాలిచ్చే ఆవు లేక కూలికి పోవలసి వచ్చింది.

ఈ రోగానికి కారణం ఒక వైరస్. రోగపు పశువు శ్వాస, చొంగ, పేడల ద్వారా వెలువడి, పక్కనున్న పశువు ముక్కు, గొంతుల గుండా లోనికి పోతుంది. రోగాన్ని ఎదిరించవలసిన తెల్ల రక్తకణాలలోనే పెరిగి వాటిని నాశనం చేస్తుంది. ఆపైన నోటి పొరలను, పేగు పొరలను తినివేస్తుంది. జ్వరం, కన్నీరు, నోటిపుండ్లు, విరేచనాలు; ఒంటిలోని నీరంతా పోయి పశువు కొద్దిరోజులలోనే కూలిపోతుంది.

అయితే ఒకసారి ముసర సోకి బ్రతికిన పశువుకు అది మళ్ళీ రాదు. వైద్యులకు దారి చూపినది ఈ సత్యమే. 1896 డిసెంబరులో కింబర్లీ చేరిన రాబర్ట్ కాక్, చనిపోయిన పశువుల పైత్యరసాన్ని ఆరోగ్యంగా ఉన్న పశువులకు ఎక్కించి చూశాడు. కోలుకున్న పశువుల రక్తరసాన్ని మరికొందరు వాడారు. తరువాత హిందూదేశంలో ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో ఎడ్వర్డ్స్ మేకలలో పెంచి బలహీనపరచిన వైరస్‌తో టీకా చేశాడు. 1960 ప్రాంతంలో కెన్యాలో ప్లౌరైట్ తయారుచేసిన టీకా ఒక్క మోతాదుతో జీవితకాలం రక్షణ ఇచ్చింది.

ముసర 1995 తరువాత హిందూదేశంలోనూ, 2001 తరువాత ప్రపంచంలోనూ కనబడలేదు. 2011లో అది సమూలంగా నశించిందని ప్రకటించారు. మశూచి తరువాత మానవుడు రూపుమాపిన రెండవ రోగమిది.

మన పిల్లలకు ముసర అంటే తెలియదు. ఈ ఒక్క మాట వాడుక తప్పినందుకు మనం సంతోషించాలి. కాని అది ఎలా తప్పిందో మాత్రం వారికి చెప్పి తీరాలి.