కొలతలూ, అమ్మ చెయ్యీ

మా అబ్బాయి లాప్‌టాప్‌లో మినీమూగ్ సింథసైజర్ వాయిస్తాడు. కరెంటుతో నాదం పుట్టించే ఆ వాద్యాన్ని 1970లో అమెరికాలో రాబర్ట్ మూగ్ కంపెనీ తెచ్చింది. ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. లోపలి సర్క్యూట్లు వేడెక్కితే శ్రుతి కాస్త జారేది.

1983లో వచ్చిన యమహా డీఎక్స్7 మాత్రం అంతా అంకెల లెక్కే. దాని పాత సెట్టింగులు డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి అలాగే ఎక్కుతాయి. మినీమూగ్‌కి అంత సులువు కాదు. ఆ శ్రుతి జారడాన్నీ లెక్కగట్టి చేర్చాలి, లేకపోతే పాత నాదం రాదు.

నేనూ అమ్మ ఆవకాయ పాళ్లు రాసి పెట్టుకున్నాను. కానీ కలిపాక రుచి చూసి ఆవిడ వేసే ఆ "ఇంకాస్త" ఏ కాగితానికి ఎక్కుతుంది? ఈ వేసవికి పక్కనే కూర్చుని, ఆవిడ చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూడాలి.