బిందెలో ఏ ఊరి నీళ్లు?

మా నాటికకి సామాను నాలుగే: ఒక డప్పు, రెండు తువ్వాళ్లు, ఒక సత్తు బిందె. తువ్వాలు తలకి చుడితే రైతు, భుజాన వేస్తే రొయ్యల గుంట ఆసామి, నడుముకి బిగిస్తే కూలి. బిందె మాత్రం ఎప్పుడూ బిందే. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే మా అందరికన్నా అదే బాగా నటించిందనిపిస్తుంది.

నెల్లూరు పల్లెల్లో వీధినాటకమంటే పెద్దవాళ్లకి భుజకీర్తులు, కిరీటాలు, తెల్లవార్లూ సాగే పద్యాలు గుర్తొస్తాయి. మాది ఇరవై నిమిషాల ఆట. తెర లేదు, రంగు లేదు. రామాలయం ముందో, బడి ఆవరణలోనో డప్పు కొడితే జనం గుండ్రంగా చేరేవాళ్లు. ఆటగాళ్లనకుండా "జాతావాళ్లొచ్చారు" అనేవాళ్లు.

ఊరూరా తిరిగి ఆడే ఆ జాతాకి రెండు పుట్టిళ్లు. ఒకటి మనదే. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి బుర్రకథని, నాటకాన్ని జనం కష్టాల మీదికి మళ్లించింది. నాజర్ బుర్రకథలూ 'మా భూమి' నాటకమూ ఆ బాటలో వచ్చినవే. రెండోది కేరళ. 1962లో పుట్టిన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, 1980లో సైన్సు కబుర్లని చిన్న నాటికలుగా మలిచి ఊరూరా తిప్పడం మొదలుపెట్టింది. సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే ఆనకట్ట కావాలా వద్దా అని అక్కడ హోరాహోరీగా వాదన నడుస్తున్న రోజులవి. 1983లో ఆ ప్రాజెక్టు ఆగింది, మరుసటి ఏడు ఆ అడవి జాతీయ పార్కు అయింది. 1987లో దేశం నలుమూలల నుంచి బయల్దేరిన జన విజ్ఞాన జాతాలు భోపాల్‌కి చేరాయి. అక్కడ గ్యాస్ లీకై అప్పటికి దాదాపు మూడేళ్లు.

నేను జాతాలో పడింది అక్షరాస్యత ఉద్యమంతో. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడులు మొదలైనప్పుడు నేను ప్రాథమికోన్నత పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్ని. పాట రాదు. డప్పు కాస్త వచ్చు కాబట్టి జాతాలో చేర్చుకున్నారు. రాత్రి బడి వాచకంలో సారా మీద ఉన్న 'సీతమ్మ కథ' సంగతీ, మా జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు సారా బండిని తరిమిన సంగతీ ఇప్పుడు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది. ఆపింది ఆ ఆడవాళ్లే. పొద్దంతా పొలాల్లో ఉండేవాళ్లు రాత్రిపూట నలుగురూ ఒకచోట కూర్చోవడానికి మా ఆటలు ఒక సాకు, అంతే. ఆ సాకు చాలా విలువైనదని మాకు తర్వాత్తర్వాత తెలిసింది.

సారా తర్వాత మా ముందుకొచ్చింది రొయ్య.

తొంభైల మొదట్లో తీరం పొడుగునా వరిచేలు రొయ్యల గుంటలయ్యాయి. నాలుగు నెలల్లో చేతికొచ్చే టైగర్ రొయ్య ముందు వరి ఏపాటిది? ఉప్పుటేటి నుంచి మోటార్లతో నీళ్లు తోడి గుంటల్లో నింపేవాళ్లు. ఉప్పు పాలు తగ్గించడానికి బోరు నీళ్లు కలిపేవాళ్లు. గుంట అడుగు నుంచి ఉప్పు పక్క చేలోకి ఊరేది. మంచినీళ్లు తోడే కొద్దీ భూమి కింద సముద్రపు నీళ్లు లోపలికి జరిగేవి. ఈ సంగతి మేం ఉపన్యాసంగా చెబితే ఎవరూ వినలేదు. అందుకని తోలుబొమ్మలాట నుంచి కేతిగాణ్ణి, బంగారక్కని అరువు తెచ్చుకున్నాం. వాళ్ల బూతులు తీసేసి పెంకితనం ఉంచాం. ఆసామి ఎకరానికి ఎంత మిగులుతుందో లెక్క చెబుతుంటే కేతిగాడు అడ్డం తగిలి, "లెక్క బాగానే ఉంది సామీ, దాహమైతే నోట్లు పిండుకుని తాగమంటావా?" అనేవాడు. చివర బంగారక్క బిందె తెచ్చి పెడుతుంది. కేతిగాడు ఒక గుక్క తాగి ఉమ్మేస్తాడు. ఆట అయిపోతుంది.

అల్లూరు వైపు ఒక ఊళ్లో మా గుట్టు బయటపడింది. కేతిగాడు తాగి, మొహం చిట్లించి, ఉమ్మేశాడు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ లేచొచ్చి బిందెలో చెయ్యి ముంచి నాలిక్కి రాసుకుంది.

"ఏంది అబ్బయ్యా, ఇవి మా ఊరి నీళ్లు కాదే. యాడ పట్టుకొచ్చినారు?"

మేం నెల్లూరు కొళాయి దగ్గర పట్టుకొచ్చిన మాట నిజం. ఆవిడ బిందె పారబోసి, ఇంటికెళ్లి తన బోరు నీళ్లు నింపుకొచ్చింది. "ఇప్పుడు తాగు" అంది. కేతిగాడు తాగాడు. ఆ మొహం చూసి ఊరంతా పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక మాత్రం ఒక్కొక్కరే మొదలుపెట్టారు: మా బావి ఫలానా ఏట చెడింది, మా ఇంట్లో పప్పు ఉడకటం లేదు, మా చేను చౌడెక్కింది. మా ఆట ఇరవై నిమిషాలు, వాళ్ల మాటలు రెండు గంటలు. ఆ రోజు నుంచి ఏ ఊరికెళ్లినా బిందె ఆ ఊళ్లోనే నింపుకున్నాం.

1994 చివర్లో తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలకి గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత ఆసామిని దుర్మార్గుడిగా ఆడటం మాకు చేత కాలేదు. అప్పులపాలైన ఆసాములే జనంలో కూర్చునుండేవాళ్లు. ఆ పాత్ర మళ్లీ రాసుకున్నాం. ఈసారి వాడు తువ్వాలు భుజం మీంచి తీసి, తలకి చుట్టుకుని, రైతు పక్కన కూలబడతాడు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీరానికి దగ్గర్లోని గుంటలు, పాత సంప్రదాయ పద్ధతివి తప్ప, తీసెయ్యమంది. గుంటలు పోలేదు. 2005 చట్టంతో గుంటలకి రిజిస్ట్రేషన్ పద్ధతి వచ్చింది, 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చింది.

మధ్యలో 2000లో ప్రభుత్వ నీటి కార్యక్రమం నీరు-మీరు మొదలై 'ఇంకుడు గుంత' అనే మాట పల్లెపల్లెకీ చేరింది. ఆ దశాబ్దంలోనే డబ్బిచ్చి ఆడించేవాళ్లు కూడా పెరిగారు. మాకు మొదటిసారి బస్సు ఖర్చులు గిట్టాయి. ఒకచోట నాటికని అచ్చు వేసి చేతికిచ్చారు. చివర మేమంతా వరసగా నిలబడి "చెట్లు నాటండి, నీరు పొదుపు చేయండి" అనాలి. అన్నాం. జనం చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. ఒక్కరూ లేచి అడ్డు తగల్లేదు. బిందె ఖాళీగానే ఉంది. అందులో నీళ్లు పొయ్యాలన్న ధ్యాస నాక్కూడా లేదు.

రిటైరయ్యాక ఒక బడివాళ్లు పిలిచి, పర్యావరణ దినానికి పిల్లల చేత పది నిమిషాల నాటిక వేయించమన్నారు. తీరానికి దగ్గరి ఊరే. పిల్లలు అప్పటికే ప్లాస్టిక్ రాక్షసుడి వేషానికి అట్టలు కత్తిరిస్తున్నారు. మీరు తాగే నీళ్లెక్కడివని అడిగితే వరండాలోని ఇరవై లీటర్ల క్యాను చూపించారు. బోరు లేదా అంటే, "ఉంది సార్, కాళ్లు కడుక్కోవడానికి" అన్నారు. ఆ మాటే నాటికకి మొదటి మాట చేశాం.

"చివర ఏం చెప్పాలి సార్?" అని ఏడో తరగతి పిల్ల అడిగింది. ఏమీ చెప్పొద్దని, బోరు దగ్గరికి బిందె పంపించాను. నింపుకొచ్చి మధ్యలో పెట్టారు. అప్పటిదాకా పాత్రల కోసం కొట్టుకున్న పిల్లలు. కేతిగాడు ఎవరు, తాగేదెవరు అంటే ఒక్క చెయ్యీ లేవలేదు.