కోసి అతికిన పాట

ఆ కట్టె కొంచెం లోపలికి తొయ్యరా, చలిగాలి తిరిగింది. ఇందాక మీరు పెట్టిన బీటిల్స్ పాట ఉందే, 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్', అది ఒక పాట కాదర్రా, రెండు. మధ్యలో కోసి అతికించారు. నవ్వకండి, టేపు పని చేసినవాణ్ణి కనక చెబుతున్నా.

1966 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కచేరీ చేశాక, ఇక ఊళ్లు తిరిగేది లేదనుకున్నారు వాళ్లు. జనం కేకల్లో వాళ్ల పాట వాళ్లకే వినపడేది కాదు మరి. ఆ తరవాత జాన్ లెనన్ సినిమా షూటింగుకని స్పెయిన్ వెళ్లి, అక్కడ ఈ పాట కట్టాడు. స్ట్రాబెర్రీ ఫీల్డ్ అంటే తోట కాదు, లివర్‌పూల్లో అప్పట్లో వాళ్లింటి దగ్గరున్న పిల్లల ఆశ్రమం. చిన్నప్పుడు దాని ఆవరణలో ఆడుకునేవాడట.

నవంబరు 24న లండన్‌లో, ఆబీ రోడ్డులోని ఈఎంఐ స్టూడియోలో పని మొదలైంది. ఇవాళ మీకు ఎన్ని ట్రాకులు కావాలంటే అన్ని. వాళ్ల మిషనుకి ఉన్నవి నాలుగే. నాలుగూ నిండితే, అన్నీ కలిపి ఇంకో టేపు మీదికి ఎక్కించాలి. అప్పుడు మళ్లీ చోటు దొరుకుతుంది. కానీ ఒకసారి కలిపాక డ్రమ్ము ఎక్కువైందనుకున్నా, గిటారు తగ్గిందనుకున్నా చేసేదేం లేదు. పులుసులో పడ్డ ఉప్పే. అందుకే, కలిపేవాడి చెవిలో పాట ముందే పూర్తిగా మోగాలి. మా రోజుల్లో పనితనం అంటే అదే.

మొదట్లో వినిపించే పిల్లనగ్రోవి లాంటి ధ్వని మెలోట్రాన్‌ది. ఒక్కో మెట్టు వెనక ఒక్కో టేపు ముక్క ఉండే పెట్టె అది. దాన్ని వాయించింది పాల్ మెకార్ట్నీ. అలా మెత్తగా, నింపాదిగా ఏడో టేకు కుదిరింది. లెనన్‌కి తృప్తి లేదు. మళ్లీ మొదటినుంచీ కట్టారు. నిర్మాత జార్జ్ మార్టిన్ నాలుగు ట్రంపెట్లకీ, మూడు సెల్లోలకీ స్వరాలు రాశాడు. తాళాల మోత రికార్డు చేసి టేపుని వెనక్కి తిప్పారు. జార్జ్ హారిసన్ స్వరమండలం మీటాడు. బడే గులాం అలీ ఖాన్ ఒళ్లో పెట్టుకుని పాడేవారే, అదే వాద్యం. ఆయన చివరి రోజులు మన హైదరాబాదులోనే, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో గడిచాయి. సరే, ఇరవయ్యారో టేకు అలా తయారైంది, మొదటిదానికంటే జోరుగా, బరువుగా.

ఇప్పుడు వచ్చింది చిక్కు. లెనన్‌కి ఏడో టేకు మొదలూ కావాలి, ఇరవయ్యారోదాని చివరా కావాలి. రెంటికీ శ్రుతి వేరు, వేగం వేరని మార్టిన్ చెబితే, అదేదో నువ్వే చూడమని వదిలేశాడు. పాడేవాళ్లు ఎప్పుడూ అంతే!

డిసెంబరు 22న మార్టినూ, ఇంజినీరు జెఫ్ ఎమెరిక్కూ కూర్చున్నారు. టేపు వేగం తగ్గిస్తే పాట నెమ్మదించడమే కాదు, శ్రుతి కూడా దిగుతుంది. ఒకటి వదిలి ఒకటి మార్చడం ఆ మిషన్లతో కాని పని. ఇక్కడ జోరుగా ఉన్న టేకే శ్రుతిలోనూ పైన ఉంది. దాన్ని తగ్గిస్తే రెండూ దాదాపు కలిశాయి. అది అదృష్టం అనండి, ఒప్పుకుంటా. ఎక్కడ కోయాలన్నది మాత్రం చెవి పనే. టేపుని అడ్డంగా కోస్తే టక్కుమంటుంది. ఏటవాలుగా కోస్తే ఒక ధ్వని ఇంకోదాంట్లోకి జారుతుంది. ఇంచుమించు ఒక నిమిషం దగ్గర వినండి, సెల్లోలు దిగుతాయి, లెనన్ గొంతు కాస్త మందమవుతుంది. అతుకు అక్కడే.

1967 ఫిబ్రవరిలో 'పెన్నీ లేన్'తో కలిపి ఒకే రికార్డుగా వచ్చింది. ఇంతా చేస్తే, బ్రిటన్‌లో రికార్డ్ రిటైలర్ పట్టికలో రెండో స్థానం దగ్గరే ఆగిపోయింది. ఎంగెల్బర్ట్ హంపర్‌డింక్ పాడిన 'రిలీజ్ మీ' మొదటి స్థానం వదల్లేదు.