పడమటి కర్నూలులో దూరవిద్య

ఆదోని పత్తి వ్యాపారానికి, జిన్నింగు మిల్లులకు పేరుపడ్డ పట్టణం. ఎమ్మిగనూరు చేనేతకు నెలవు. మాచాని సోమప్ప చొరవతో 1938లో ఇక్కడ చేనేతకారుల సహకార సంఘం ఏర్పడింది. చుట్టుపక్కల పల్లెల్లో సేద్యం ఎక్కువగా వానమీద ఆధారపడింది. పంట చేతికి రాని ఏడాది కుటుంబాలు సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు, బయలుదేరతాయి: గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టడాల పనులకు. వెంట వెళ్లిన పిల్లల చదువు పదో తరగతికి ముందే తెగిపోవడం ఈ ప్రాంతపు పాత వేదన.

తెగిన చదువును మళ్లీ అందుకునే దారి బడి వెలుపల ఏర్పడింది. 1979లో సీబీఎస్ఈ ఢిల్లీలో సార్వత్రిక పాఠశాలను ప్రయోగంగా మొదలుపెట్టింది. 1989లో అది జాతీయ సంస్థ అయింది. ఈలోగా, 1982లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. ఇంటర్ చదవనివారు కూడా అర్హత పరీక్ష రాసి అక్కడ డిగ్రీలో చేరగలిగారు. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉంది.

1991లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక పాఠశాల సొసైటీ ఏర్పడింది. ఆ తర్వాతి కాలంలో అది పదో తరగతి, ఇంటర్ కోర్సులను నడిపింది. పద్నాలుగేళ్లు నిండినవారు పదో తరగతిలో చేరవచ్చు. పాఠ్యపుస్తకాలతో ఇంటివద్ద చదువుకుని, సెలవుదినాల్లో అధ్యయన కేంద్రానికి వెళ్లాలి. సబ్జెక్టులను ఎంచుకునే వీలుంది. అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, విడివిడిగా గట్టెక్కవచ్చు. ఏటా కొన్ని నెలలు ఊరు విడిచే పిల్లలకు ఈ వెసులుబాటే ప్రాణం.

పదో తరగతి ధ్రువపత్రం చేతికొస్తే ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంటర్ దారులు తెరుచుకుంటాయి. మగ్గం, పత్తిచేను, సుగ్గి తప్ప వేరే ఉపాధి చూడని కుటుంబాల పిల్లలకు తమ వృత్తిని తామే ఎంచుకునే అవకాశం దానితో మొదలవుతుంది.