షోలాపూర్ మగ్గాల కార్ఖానాలు



షోలాపూర్‌లో తెలుగు ఇన్ని తరములు ఎట్లు నిలిచినదని ఎవరైనా అడిగినచో మనము వెంటనే బడుల పేర్లు, సంఘముల పేర్లు చెప్పుచుందుము. నా దృష్టిలో బడికన్న ముందు చెప్పవలసినది మగ్గాల కార్ఖానా.

ఈ పట్టణమునకు పద్మశాలీలు ప్రధానముగా తెలంగాణ పల్లెలనుండి వచ్చినారు. వారు ఒక్క పర్యాయము వచ్చి స్థిరపడినవారు కారు. కొన్ని తరములపాటు వచ్చుచునే యుండిరి. 1860లో రైలు షోలాపూర్ చేరినది. 1874లో వాడి మీదుగా హైదరాబాదు ఆ మార్గముతో కలిసినది. 1876-78 నాటి దక్కను కరవు ఎందరినో ఊళ్లు విడిపించినది. 1877లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు పని ప్రారంభించుటతో నూలు ఊరిలోనే దొరకసాగినది. మిల్లులు చేనేతను చంపినవని మనము పాఠములలో చెప్పుచుందుము. మిల్లు బట్టతో పోటీ వాస్తవమే. కాని ఇక్కడ మిల్లు నూలే మగ్గమునకు మేత అయినది. ఆ నూలుతో మనవారు మరాఠీ స్త్రీలు కట్టు తొమ్మిది గజాల చీరలు నేసినారు.

పల్లెలో సాలెవాని మగ్గము అతని ఇంటిలోనే యుండెడిది. ఇక్కడ చాలామందికి సొంత మగ్గము లేదు. కార్ఖానాదారు కొట్టము వేసి, వరుసగా మగ్గములు నిలిపి, నూలు, రంగు తానే ఇచ్చెడివాడు. నేతగానికి నేసిన బట్టను బట్టి కూలి. ముందుగా బాకీ తీసికొన్నవాడు అది తీరువరకు వేరొక కార్ఖానాకు పోవుట కష్టము. యజమాని, కూలి ఇరువురును తరచుగా ఒకే కులమువారు, ఒకే దేవుడైన మార్కండేయుని కొలిచెడివారు. అంతమాత్రమున లెక్కలలో దయ యుండెనని అనుకొనరాదు. మన సంఘ చరిత్రలు వ్రాయువారు ఈ సంగతిని మెల్లగా దాటివేయుదురు. అది నాకు నచ్చదు.

అయినను భాష విషయములో ఆ కొట్టమే పెద్ద బడి. నేత ఒక్కని పని కాదు. స్త్రీలు, పిల్లలు కండెలు చుట్టవలెను. పడుగును వీధి పొడవునా సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వవలెను; ఎండ ముదరకముందే ముగియవలెను గనుక నలుగురు చేతులు కలుపక తప్పదు. ఆ పిలుపులు, హెచ్చరికలు, సరసములు అన్నియు తెలుగులోనే. కరీంనగరువాని మాట, నల్లగొండవాని మాట అక్కడ కలిసి, పైన మరాఠీ పలుకు చేరి, షోలాపూర్ తెలుగు తయారైనది. దానిని తప్పుల తెలుగని దిద్దు ఉపాధ్యాయులు ఈ పుట్టుక తెలిసికొనవలెను.

చేతిమగ్గము ముందు మాటలాడవచ్చును, పాడవచ్చును. స్వాతంత్ర్యానంతరము మరమగ్గములు పెరిగినకొలదీ ఆ అవకాశము పోయినది. ఆ చప్పుడులో ప్రక్కవాని మాట వినబడదు, సైగలే గతి. స్త్రీలలో చాలామంది ఇంట బీడీలు చుట్టు పనికి మరలినారు. చాదరుకు మాత్రము పేరు పెరిగినది: జకార్డు అల్లికతో దేశమంతట ప్రసిద్ధి చెంది, 2005-06లో భౌగోళిక గుర్తింపు పొందినది. తువ్వాలుకును ఆ గుర్తింపు కలదు. అచ్చు, ఆసు, పడుగు, పేక అను మాటలకు ఏ గుర్తింపును లేదు.

‘ఆసులో కండె వలె తిరుగుట’ అను జాతీయమును వ్యాకరణ పుస్తకము నుండి వల్లె వేయించుట తేలిక. పడుగు పోయునపుడు కండె ఎడతెగక అటునిటు తిరుగుట చూచిన అవ్వ ఒకరు ఇంకను వీధిలో ఉన్నచో, ఆమెను తరగతికి పిలుచుట మేలు. ఇటీవల మా తరగతిలో ‘నాడె’ అనగా నేమని అడిగితిని. పిల్లలు మణికట్టు పట్టి చూపినారు, నాడి అనుకొని. ‘ధోటా’ అని మరాఠీలో చెప్పగానే మరమగ్గముల ఇండ్లనుండి వచ్చిన ముగ్గురు చేతులెత్తినారు.